రోజుకు పావలా

హైదరాబాదులో ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో కొన్నిటిని దూరం నుంచే గుర్తుపట్టవచ్చు. దళసరి అట్ట, వెన్నుకు అంటించిన ఎర్రటి కాలికో గుడ్డ, దాని మీద తెల్లరంగుతో చేత్తో వేసిన అంకె. లోపల మొదటి పేజీలో నీలం ఇంకు స్టాంపు ఉంటుంది. ఏదో ఒక ఊరి పేరు, దాని కింద 'లెండింగ్ లైబ్రరీ' అన్న మాట. యాభయ్యో పేజీలోనూ అదే స్టాంపు, నూరో పేజీలోనూ అదే. చించినా, ముందు పేజీలు ఊడినా, పుస్తకం ఎవరిదో తెలియడానికి అన్నిసార్లు కొట్టేవారు. ఆ స్టాంపులు మిగిలాయి గాని, వాటిని కొట్టిన షాపులు ఇప్పుడు దాదాపుగా ఎక్కడా లేవు.

అద్దె పుస్తకాల షాపు అంటే రోజుకింత అని తీసుకుని పుస్తకాన్ని ఇంటికిచ్చే చిన్న వ్యాపారం. చాలా ఊళ్లలో దాన్ని 'లైబ్రరీ' అనే పిలిచేవారు. ప్రభుత్వ గ్రంథాలయం వేరని చెప్పాల్సి వచ్చినప్పుడు 'అద్దె లైబ్రరీ' అనేవారు. తెలుగు నవల పాకెట్ సైజులో చవగ్గా దొరకడం మొదలైన కాలంలో ఇవి వీధివీధినా పుట్టాయి, ఇంట్లో సాయంత్రాలు టీవీ చేతికి పోయాక ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. మధ్యలో రెండు మూడు తరాల పాఠకులు వాటిలో తయారయ్యారు. తెలుగు నవల ఎవరు రాశారో చెప్పే పుస్తకాలు చాలా ఉన్నాయి. ఎవరు చదివారు, ఎక్కడ తెచ్చుకుని చదివారు అన్నది చెప్పాలంటే ఈ షాపుల దగ్గరికే రావాలి.

షాపు

చాలావాటికి షాపు అన్న పేరే పెద్దది. నాలుగడుగుల బంకు, కిరాణా కొట్టు పక్క గోడ, ఇంటి వీధి అరుగు, ఏదైనా సరిపోయేది. కొన్నిచోట్ల ఫ్యాన్సీ సామాను, పెన్నులు, నోటు పుస్తకాలు అమ్ముతూ వెనక రెండు అలమరల్లో నవలలు పెట్టేవారు. కొన్నిచోట్ల రిటైరైన మాస్టారు తన ఇంటి ముందు గదిని ఇందుకే వదిలేసేవారు. పుస్తకాలు వెన్ను బయటికి కనబడేలా నేల నుంచి దూలం దాకా పేర్చి ఉండేవి. చదివేవారు లోపలికి రావడానికి వీలుండేది కాదు, ముందు అడ్డంగా ఒక బల్ల ఉండేది. అందుకని పుస్తకం ఎంచుకోవడమంటే బల్ల అవతలి మనిషితో మాట్లాడటమే.

ఆ మనిషి జ్ఞాపకశక్తి మీదే వ్యాపారమంతా నడిచేది. ఏ ఇంట్లో ఎవరు ఏవి చదువుతారు, ఏవి చదివేశారు, ఎవరు ఆలస్యంగా తెస్తారు, ఎవరు పేజీ మూల మడతపెడతారు అన్నది ఆయన నోటి మీద ఉండేది. సంచీ పట్టుకుని ఎనిమిదేళ్ల పిల్ల వస్తుంది. "అమ్మ యద్దనపూడిది ఏదైనా ఇమ్మందండీ" అంటుంది. ఆయన తలెత్తకుండానే, "ఇక్కడున్నవన్నీ అమ్మ చదివేసిందమ్మా. ఇది మాదిరెడ్డిది, బాగుంటుందన్నానని చెప్పు. నచ్చకపోతే సాయంత్రం మార్చి ఇస్తాను, దానికి డబ్బులొద్దు" అంటాడు. పుస్తకం గురించి తెలుగునాట రోజూ జరిగిన విమర్శలో ఎక్కువ భాగం ఇదే రూపంలో జరిగింది. ఆ మాటల్లో సిద్ధాంతం లేకపోయినా, చదివించే శక్తి మాత్రం ఉండేది.

బైండు

కొత్త నవల కొన్నరోజునే అద్దెకు పోదు. ముందు దానికి బైండు జరగాలి. ఆ రోజుల్లో పాకెట్ పుస్తకాల వెన్నుకు జిగురు మాత్రమే ఉండేది, నలుగురు చదివేసరికి పేజీలు విడిపోయేవి. షాపాయన తీరిక ఉన్న మధ్యాహ్నం వేళ పుస్తకాన్ని బల్ల అంచుకు పెట్టి, వెన్నుకు అర అంగుళం ఇవతల దబ్బనంతో మూడు నాలుగు చిల్లులు పొడిచేవాడు. మైనం రాసిన లావుపాటి దారాన్ని వాటిలోంచి రెండుసార్లు తీసి బిగించి ముడివేసేవాడు. మైదాపిండిని నీళ్లలో ఉడికించి జిగురు చేసేవారు. దానిలో చిటికెడు మైలుతుత్తం కలిపితే పురుగు పట్టదు. ఆ జిగురుతో అట్టలు, అట్టల మీద కాగితం, వెన్నుకు కాలికో అంటించి, పైన బండరాయి పెట్టి రాత్రంతా ఆరనిచ్చేవారు. ముఖచిత్రం బాగుంటే దాన్ని కత్తిరించి అట్ట మీద అతికించేవారు. బాపు బొమ్మ ఉన్న ముఖచిత్రాన్ని మాత్రం తీసి పారేయడానికి ఎవరికీ చేతులు రాలేదు.

ఇలా కుట్టిన పుస్తకానికి ఒక ఇబ్బంది ఉండేది. అది పూర్తిగా తెరుచుకోదు. కుట్టు దగ్గర ప్రతి పంక్తిలోనూ రెండు మూడు అక్షరాలు లోపలికి పోయేవి. ఎడమ పేజీలో మాటల చివర్లు, కుడి పేజీలో మాటల మొదళ్లు ఊహించుకుంటూ చదవాలి. అలవాటైన పాఠకులకు అది తెలిసేది కూడా కాదు. పుస్తకాన్ని రెండు చేతులా గట్టిగా పట్టుకోకపోతే టప్పున మూసుకుపోయేది. అందువల్ల ఒక చేత్తో అన్నం తింటూ అద్దె నవల చదవడం ఒక విద్య. పళ్లెం అంచును పేజీ మీద ఆనించి చదివినవారి పులుసు మరకలు ఆ పుస్తకాల్లో ఇప్పటికీ ఉన్నాయి.

బైండుల్లో మరో రకం సీరియల్ బైండు. ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ, ఆంధ్రజ్యోతి, ఆంధ్రభూమి వారపత్రికల్లో వచ్చే సీరియళ్లను వారం వారం చించి, వరస తప్పకుండా దాచి, అయిపోగానే కుట్టించేవారు. నవల పుస్తకంగా వచ్చేదాకా ఆగలేనివారికి ఇదే దారి. ఈ పని ఇళ్లలోనూ జరిగేది, షాపుల్లోనూ జరిగేది. సీరియల్ పేజీల వెనకవైపు ఏది ఉంటే అది కూడా బైండులోకి వచ్చేసేది. అరటికాయ వేపుడు చేసే విధానం, వారఫలాలు, ఒక జవాబుల శీర్షిక, సగం కథ. ఆ సగం కథలు చదివి మిగతా సగం ఏమై ఉంటుందోనని బెంగపెట్టుకున్న పాఠకులు ఎందరో. మధ్యలో ఒక వారం పోతే దాని స్థానంలో షాపాయన చేత్తో రాసిన నాలుగు వాక్యాల 'జరిగిన కథ' అంటించి ఉండేది.

లెక్క

అద్దె పది పైసలతో మొదలై పావలా, అర్ధరూపాయి మీదుగా రూపాయి దాకా వెళ్లింది. మొదట కొంత డిపాజిట్టు కట్టాలి. తెలిసిన ఇల్లయితే అది కూడా లేదు, నాన్నగారి పేరు చెబితే చాలు. పొడుగాటి చిట్టాలో ఇంటి పేరు, పుస్తకం నంబరు, తేదీ వేసి, పుస్తకం తిరిగొచ్చాక అడ్డగీత కొట్టేవారు. అయిదు రూపాయల నవల రోజుకు పావలా చొప్పున ఇరవై రోజులు తిరిగితే పెట్టుబడి వచ్చేసినట్టే. ఆ తర్వాత వచ్చేదంతా లాభం. అందుకే గిరాకీ ఉన్న నవలవి మూడు నాలుగు కాపీలు కొనేవారు. తిరగని పుస్తకం అలమర పైఅరలోకి ఎక్కేది. ఆ పైఅరలో సాధారణంగా మంచి పుస్తకాలు ఉండేవి, వాటి దాకా చూపు వెళ్లడానికి పాఠకుడికి కొన్నేళ్లు పట్టేది.

ఒక్క రోజు గడువు వల్ల చదివే తీరే మారిపోయింది. పొద్దున తెచ్చిన నవల మర్నాడు పొద్దున ఇచ్చెయ్యకపోతే ఇంకో పావలా. ఆ ఒక్క రోజులో ఇంట్లో ముగ్గురు చదవాలి, పక్కింటి పిన్నిగారు కూడా మధ్యాహ్నం రెండు గంటలు అడిగి తీసుకుంటారు. మధ్యాహ్నం అమ్మ, సాయంత్రం కాలేజీ నుంచి వచ్చిన అక్క, రాత్రి అందరూ పడుకున్నాక అన్నయ్య. కరెంటు పోతే కిరసనాయిలు దీపం. మూడువందల పేజీలను ఒక్క రాత్రిలో ముగించగల వేగం ఆ తరానికి అలా వచ్చింది. చదువు రాని మామ్మకు ఎవరో ఒకరు పైకి చదివి వినిపించాలి. వింటూ వింటూ ఆవిడ నిద్రపోయిందనుకుని ఆపితే, "ఆపావేమే, ఆ పిల్ల ఉత్తరం చూసిందా లేదా?" అని చీకట్లోంచి ప్రశ్న వచ్చేది.

మరో చిన్న ఆచారం గురించి చెప్పాలి. బైండు అట్టలన్నీ ఒకేలా ఉండటంతో, చదివిన పుస్తకమే మళ్లీ ఇంటికి వచ్చేసేది. అలా డబ్బు పోకుండా ప్రతి పాఠకురాలూ తనకంటూ ఒక గుర్తు పెట్టుకునేది. ఒకరు ఇరవై ఏడో పేజీలో అంకె చుట్టూ పెన్సిలుతో సున్న చుడతారు, ఒకరు అధ్యాయం పేరు కింద చుక్క పెడతారు, ఇంకొకరు చివరి పేజీ మూల 'ల' అని రాస్తారు. షాపులో బల్ల దగ్గర నిలబడి గబగబా ఆ పేజీ తీసి చూసి, "ఇది అయిపోయిందండీ" అని వెనక్కిచ్చేవారు. బాగా తిరిగిన నవలలో ఇలాంటి గుర్తులు పాతిక దాకా కనిపిస్తాయి. ఆ పుస్తకాన్ని చదివినవారి జాబితా అది, పేర్లు మాత్రం ఉండవు.

అలమరలు

అడుగు అర పిల్లలది. చందమామ 1947 జులైలో బి. నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టిన పత్రిక. ఏడాది సంచికలు పన్నెండూ కలిపి కుట్టిన బైండు వేసవి సెలవుల్లో ఒక్కరోజు కూడా షాపులో నిలిచేది కాదు. కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980లో చనిపోయేదాకా ఆ పత్రికను తీర్చిదిద్దారు. 'శిథిలాలయం', 'రాకాసి లోయ' వంటి సీరియళ్లు దాసరి సుబ్రహ్మణ్యం రాశారు. ఈ పేర్లేవీ పిల్లలకు తెలియవు. పదిహేనేళ్ల వయసులో అదే షాపులో పైఅరలోంచి కుటుంబరావు 'చదువు' నవల తీసుకున్న కుర్రాడికి, తాను చిన్నప్పటి నుంచీ ఈయన తెలుగే చదువుతూ పెరిగానని తెలిసేసరికి ఇంకో పదేళ్లు పట్టేది. నండూరి రామమోహనరావు తెలుగు చేసిన మార్క్ ట్వేన్ నవలలు, స్టీవెన్‌సన్ 'కాంచనద్వీపం' కూడా ఈ అరలోనే ఉండేవి.

దానిపైన ఉన్నది డిటెక్టివ్‌ల అర. ఇవి చిన్నవి, న్యూస్‌ప్రింట్ మీద అచ్చైనవి, ముఖచిత్రంలో పిస్తోలు, టోపీ. అంతకు ముందు తరంలో కొవ్వలి లక్ష్మీనరసింహారావు చిన్న నవలలు రైల్వే స్టేషన్లలో అమ్ముడై జనానికి చదువు రుచి చూపించాయి. ఆయన వెయ్యి నవలలు రాసిన మనిషిగా పేరుపడ్డారు. తర్వాత కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంటు రాజు వచ్చారు. టెంపోరావు వచ్చారు. కవి ఆరుద్ర కూడా అపరాధ పరిశోధన నవలలు రాశారు. ఆ తర్వాత మధుబాబు షాడో కుర్రకారును ఏళ్ల తరబడి ఏలాడు. డిటెక్టివ్ నవలకు ఉన్న పెద్ద ప్రమాదం చివరి పేజీలు ఊడిపోవడం. అంతకన్నా పెద్ద ప్రమాదం, మూడో పేజీలోనే ఒక పాత్ర పేరు కింద గీత గీసి 'వీడే' అని రాసి పెట్టే పాఠకుడు.

మధ్య అరలు రెండూ, అంటే చేతికి తేలిగ్గా అందేవి, రచయిత్రులవి. దీనికి కారణం ఉంది. గ్రంథాలయం పఠనమందిరంలో బల్లల చుట్టూ మగవారే కూర్చుని దినపత్రికలు చదివేవారు. ఆడవారు అక్కడికి వెళ్లే అలవాటు చాలా ఊళ్లలో లేదు. పుస్తకమే ఇంటికి రావాలి. పిల్లల చేతి సంచిలో అలా తెచ్చి ఇచ్చింది అద్దె షాపు. యద్దనపూడి సులోచనారాణి, రంగనాయకమ్మ, మాదిరెడ్డి సులోచన, కోడూరి కౌసల్యాదేవి, ద్వివేదుల విశాలాక్షి, వీరి నవలలకు లక్షల ఇళ్లలో చోటు దొరికింది ఈ దారినే. గిరాకీ ఎంతగా పెరిగిందంటే మగ రచయితలు కొందరు ఆడపేర్లతో రాశారు. యద్దనపూడి 'సెక్రటరీ' జ్యోతి మాసపత్రికలో సీరియల్‌గా మొదలైంది, పుస్తకమైంది, 1976లో సినిమా అయింది. ఆరడుగుల కథానాయకుడు, పెద్ద కారు అని ఈ నవలలను తేలిక చేసి మాట్లాడటం ఒక అలవాటైపోయింది. ఆ మాటలో న్యాయం తక్కువ. ఉద్యోగం చేసే అమ్మాయి, తన పెళ్లి గురించి తను ఆలోచించే అమ్మాయి, మగవాడి ముందు తలెత్తి జవాబు చెప్పే అమ్మాయి, ఎందరో ఇల్లాళ్లకు మొదట కనిపించింది ఆ పేజీల్లోనే. అదే అరలో యద్దనపూడి పక్కనే రంగనాయకమ్మ 'బలిపీఠం' ఉండేది. ఒకటి అయిపోతే రెండోది. కలనీ, కలను నిలదీసే పుస్తకాన్నీ ఒకే పావలా అద్దెకు ఇచ్చిన చోటు ఇది.

1980ల్లో ఆ అరల్లో సగం యండమూరి వీరేంద్రనాథ్‌వి అయిపోయాయి. ఆంధ్రభూమి వారపత్రికలో వచ్చిన 'తులసిదళం' బైండు ఇంట్లో ఉన్న రాత్రి దొడ్లోకి ఒంటరిగా వెళ్లడానికి పెద్దవాళ్లు కూడా జంకేవారు. మల్లాది వెంకట కృష్ణమూర్తి హాస్యం, సూర్యదేవర రామ్‌మోహనరావు పరుగు, ఇవన్నీ ముందే చెప్పి పెట్టుకుంటేగాని దొరికేవి కాదు.

ఇక పైఅర. బుచ్చిబాబు 'చివరకు మిగిలేది', 'అసమర్థుని జీవయాత్ర', చలం, అడివి బాపిరాజు 'గోన గన్నారెడ్డి', వడ్డెర చండీదాస్ 'హిమజ్వాల'. శరత్ అనువాదాలు కొన్ని. శరత్‌ను తెలుగు చేసినవారిలో చందమామ చక్రపాణి ఒకరు. గోర్కీ 'అమ్మ', క్రొవ్విడి లింగరాజు అనువాదం. సోవియట్ దేశం నుంచి దళసరి కాగితం మీద, బట్ట అట్టతో వచ్చే తెలుగు పుస్తకాలు విశాలాంధ్ర దుకాణాల్లో మరీ చవగ్గా దొరికేవి గనుక వాటిని అద్దెకు తెచ్చుకోవలసిన పని తక్కువ. అయినా ఒకటి రెండు ఉండేవి. పైఅర మీద దుమ్ము ఎక్కువే. కానీ కింది నాలుగు అరలూ అయిపోయిన పాఠకుడికి వేరే దారి లేదు. శాంతంగా చెయ్యి చాచి పైకి అందుకునేవాడు. తెలుగులో అన్ని రకాలూ చదివే పాఠకుడు పుట్టింది ఈ క్రమంలోనే. ఏది ఉత్తమం, ఏది చవకబారు అని ఎవరూ ముందుగా చెప్పలేదు. యుగంధర్ నుంచి బుచ్చిబాబు దాకా ఒకే నిచ్చెన, ఒకే అద్దె.

గ్రంథాలయం, అద్దె షాపు

తెలుగునాట గ్రంథాలయాలకు గొప్ప చరిత్ర ఉంది. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901లో మొదలైంది, వేటపాలెం సారస్వత నికేతనం 1918లో. అయ్యంకి వెంకటరమణయ్య, పాతూరి నాగభూషణం వంటివారు గ్రంథాలయాల పనిని ఉద్యమంగా నడిపారు, కాలువల మీద పడవల్లో పుస్తకాలు తిప్పారు. ఆ గ్రంథాలయాల లక్ష్యం జనాన్ని తీర్చిదిద్దడం. అద్దె షాపుకు అంత పెద్ద లక్ష్యం లేదు, జనం అడిగింది ఇవ్వడమే దాని పని. ఈ తేడా వల్లే ఒక నష్టం జరిగింది. గ్రంథాలయాలు పాత పత్రికలను, కావ్యాలను, చరిత్ర గ్రంథాలను దాచాయి. సారస్వత నికేతనంలో పాత దినపత్రికల కోసం పరిశోధకులు ఇప్పటికీ వెళ్తారు. డిటెక్టివ్ నవలలను, పాకెట్ పుస్తకాలను దాచాలని చాలాచోట్ల ఎవరూ అనుకోలేదు. దాచవలసిన కాపీలేమో అద్దె షాపుల్లో చేతులు మారి మారి అరిగిపోయాయి. లక్షలమంది చదివిన నవల ఒక్క మంచి కాపీ కోసం ఇప్పుడు వెతుక్కోవలసి వస్తోంది. వందమంది కూడా చదవని పుస్తకం భద్రంగా ఉంది.

మూత

ఒక్క కారణంతో ఇవి పోలేదు. స్వాతి వంటి పత్రికలు సంచికతోపాటే పూర్తి నవలను ఇవ్వడంతో అద్దె కట్టవలసిన అవసరం కొంత తగ్గింది. నవలల ధర పెరిగింది, రోజు అద్దె ఆ లెక్కన పెరగలేదు. 1995లో ఈటీవీ, జెమిని వచ్చాయి. వారం ఆగి చదివే సీరియల్ బదులు రోజూ చూసే సీరియల్ ఇంట్లోకి దిగింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక పుస్తకం పట్టుకునే రెండు గంటలే ఈ వ్యాపారానికి ప్రాణం. టీవీ సరిగ్గా ఆ రెండు గంటలనే తీసుకుంది. కొన్ని షాపులు వీడియో క్యాసెట్లు, తర్వాత సీడీలు అద్దెకిచ్చి కొన్నాళ్లు నెట్టుకొచ్చాయి. చివరికి ఫోను రీచార్జి దగ్గర ఆగిపోయాయి.

పుస్తకం తెర మీదికి చేరాక వచ్చిన లాభం చిన్నది కాదు. ఇప్పుడు అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబం పాత చందమామను తెర మీద తిరగేయగలదు. గడువు లేదు, చినిగిన పేజీ లేదు, కుట్టులోకి పోయిన అక్షరం లేదు. కళ్లు తగ్గిన పెద్దలు అక్షరాన్ని పెద్దది చేసుకుని చదువుకుంటున్నారు, కొందరు చదివించుకుని వింటున్నారు. అమ్మాయిలు పుస్తకం కోసం ఎవరి చేతి సంచీ మీదా ఆధారపడనక్కరలేదు. పోయినదేమిటంటే వీధి అంతా ఒకే వారంలో ఒకే నవల చదివి, కుళాయి దగ్గర దాని గురించి పోట్లాడుకోవడం. "ఇది చదివి చూడు" అని బల్ల మీంచి తోసే మనిషి కూడా పోయాడు. ఈ రెంటికీ బదులుగా ఏదీ ఇంకా రాలేదు.

మూసేసేటప్పుడు చాలా షాపుల సరుకు తూకానికి పోయింది. బైండు అట్ట బరువు కావడంతో కొనేవాడు అట్టలు చింపి కాగితం మాత్రమే తూచేవాడు. కొంత ఫుట్‌పాత్‌లకు చేరింది. డిపాజిట్టు డబ్బు వెనక్కి తీసుకొమ్మని కబురు పెడితే, డబ్బు వద్దని, అలమరలోంచి ఒక పుస్తకం ఎంచుకుని పట్టుకెళ్లినవారు ఉన్నారు. చిట్టాలో వారి పేరు పక్కన, తిరిగొచ్చినప్పుడు కొట్టే అడ్డగీత మాత్రం పడలేదు.